తామ్ థాన్ జాలరి పల్లె: బొమ్మల గోడలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు పూర్తి గైడ్

వియత్నాం వెళ్ళే మనవాళ్ళలో చాలామంది డా నాంగ్‌లో దిగుతారు. బా నా హిల్స్‌లో గోల్డెన్ బ్రిడ్జి మీద ఫోటోలు దిగి, హోయి అన్‌లో లాంతర్లు చూసి వెనక్కి వచ్చేస్తారు. హోయి అన్ నుంచి దక్షిణంగా, తీరం వెంబడే కారులో గంట వెళ్తే తామ్ థాన్ వస్తుంది. ఇళ్ళ గోడల నిండా బొమ్మలున్న పాత జాలరి పల్లె అది. అక్కడికి వెళ్ళినవాళ్ళలో కూడా ఎక్కువమంది పదకొండు గంటలకు మిట్టమధ్యాహ్నపు ఎండలో కారు దిగి, వెలిసిన గోడల ముందు నాలుగు సెల్ఫీలు తీసుకుని, "ఇంతేనా?" అనుకుని హోయి అన్ తిరిగి వెళ్ళిపోతారు. ఆ వేళకి ఊరు పడుకుని ఉంటుంది. రాత్రంతా వేట చేసి, తెల్లవారకముందే చేపలు అమ్ముకుని వచ్చినవాళ్ళు మధ్యాహ్నం నిద్రపోక ఏం చేస్తారు? ఈ ఊరు బాగా చూడాలంటే ఊరి వేళలకు మీ ప్లాన్ సర్దుకోవాలి. ఈ గైడ్ అంతా అందుకోసమే.

ముందు ఊరి సంగతి

తామ్ థాన్ సన్నటి ఇసుక నేల. తూర్పున సముద్రం, పడమర త్రువోంగ్ జాంగ్ నది. ఈ నది చాలా దూరం తీరం పక్కనే నడుస్తుంది. ఆ రెండు నీళ్ళ మధ్య ఇళ్ళు, కొబ్బరిచెట్లు, సరుగుడు తోపులు. దగ్గరి పట్నం తామ్ కీ, ఏడెనిమిది కిలోమీటర్లు. ఇదంతా మొన్నమొన్నటి దాకా క్వాంగ్ నామ్ రాష్ట్రం. 2025 జూలైలో ఆ రాష్ట్రాన్ని డా నాంగ్ నగరంలో కలిపేశారు. అందుకే కొన్ని మ్యాపుల్లో పాత చిరునామా, కొన్నింట్లో కొత్తది కనిపిస్తుంది. అది చూసి కంగారు పడొద్దు. "తామ్ థాన్ మ్యూరల్ విలేజ్" అని వెతికితే దొరుకుతుంది.

బొమ్మలు వచ్చింది 2016 జూన్‌లో. కొరియా ఫౌండేషన్ తోడ్పాటుతో దక్షిణ కొరియా చిత్రకారులు, వాలంటీర్లు వచ్చి, వియత్నాం కళాకారులతో కలిసి కొన్ని వారాల్లోనే పదుల కొద్దీ ఇళ్ళ గోడలకు బొమ్మలు వేశారు. చేపలు, నీటి అడుగు లోకం, పువ్వులు, పల్లె పనులు, ఊరివాళ్ళ ముఖాలు. గొప్ప మేడలు కావు, మామూలు ఒంటి అంతస్తు ఇళ్ళే. తర్వాత వాడకం తప్పిన పుట్టిల (గుండ్రటి వెదురు పడవల) మీద కూడా రంగులు వేసి దారి పక్కన వరసగా నిలబెట్టారు.

ఇదే క్వాంగ్ నామ్‌లో 1968 ఫిబ్రవరిలో, ఫోంగ్ ని, హా మి పల్లెల్లో, వియత్నాం యుద్ధంలో అమెరికా పక్షాన పోరాడుతున్న దక్షిణ కొరియా సైనికులు ఆడవాళ్ళని, పిల్లల్ని కూడా వదలకుండా చంపారు. ఆ దేశపు యువత అదే నేలకు రంగు డబ్బాలు పట్టుకుని వచ్చి, ఇళ్ళవాళ్ళ అనుమతితో గోడల మీద చేపలు గీసింది. ఈ సంగతి తెలుసుకుని వెళ్తే అక్కడి మామూలు చేప బొమ్మ ముందు కూడా కాసేపు నిలబడాలనిపిస్తుంది.

1. నెల ఎంచుకోండి

ఫిబ్రవరి చివరి నుంచి ఆగస్టు వరకు మంచి కాలం. మార్చి, ఏప్రిల్ అయితే ఇంకా మేలు. ఎండ తగ్గి ఉంటుంది, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. పైగా తామ్ కీ పట్నం అంచున ఉన్న హువాంగ్ త్రా గ్రామంలో సువా చెట్లు పసుపు పచ్చగా పూసేది ఆ రోజుల్లోనే. జూన్, జూలైల్లో ఎండ మన విజయవాడ ఎండకేమీ తీసిపోదు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుఫానులు. ఆ నెలల్లో పడవలు సముద్రంలోకి పోవు, దారులు మునుగుతాయి. టికెట్లు చవగ్గా దొరికాయని ఆ రోజుల్లో వెళ్ళకండి.

నెల కుదిరాక తిథి కూడా చూసుకోండి. ఈ తీరంలో చాలామంది రాత్రిపూట పెద్ద దీపాలు వెలిగించి, ఆ వెలుతురుకి వచ్చే చేపల్ని, స్క్విడ్‌ని పడతారు. పౌర్ణమి చుట్టుపక్కల వెన్నెలలో దీపం పని చెయ్యదు కాబట్టి వేట తగ్గుతుంది. చీకటి రాత్రుల్లో వెళ్తే ఒడ్డున నిలబడి చూసినా సముద్రం మీద దూరంగా దీపాల వరస కనిపిస్తుంది, తెల్లారేసరికి చేపల రేవు కూడా నిండుగా ఉంటుంది. బహుళ పక్షం చివరి రోజులు చూసుకోండి.

2. వీసా, విమానం

మనకు ఈ-వీసా ఉంది. 2023 ఆగస్టు నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. వియత్నాం ప్రభుత్వ సొంత సైట్‌లోనే అప్లై చెయ్యండి. గూగుల్‌లో పైన కనిపించే ఏజెంట్ సైట్లు దానికి రెండింతలు, మూడింతలు గుంజుతాయి. రెండు వారాల ముందే పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

మన తెలుగువాళ్ళు జాగ్రత్తగా ఉండాల్సిన చోటు పేరు గడి. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉంటుంది, ఇంకొకరిది మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపండి. ఏ విమానాశ్రయంలో దిగుతారో కూడా ఫారంలో రాయాలి. అది మీరు వియత్నాంలో మొట్టమొదట దిగే ఊరు అవ్వాలి. హనోయిలో దిగి అక్కణ్ణుంచి డా నాంగ్ విమానం ఎక్కుతున్నారనుకోండి, హనోయి అనే రాయాలి.

హైదరాబాద్ నుంచి హనోయికి, హో చి మిన్ సిటీకి నేరుగా విమానాలు మొదలయ్యాయి. రోజులు, వేళలు మారుతుంటాయి, బుక్ చేసే ముందు చూసుకోండి. అక్కణ్ణుంచి డా నాంగ్‌కి గంటన్నర లోపు ప్రయాణం.

3. హోయి అన్ నుంచి తామ్ థాన్

తేలికైన పద్ధతి హోయి అన్‌లో కారు మాట్లాడుకోవడం. మీరు దిగిన హోటల్ వాళ్ళే మాట్లాడిపెడతారు. కువా దాయ్ వంతెన దాటి వో చి కోంగ్ రోడ్డు మీదుగా తీసుకెళ్ళమని చెప్పండి. తీరం పక్కన వేసిన కొత్త రోడ్డు అది, వెడల్పుగా, ఖాళీగా ఉంటుంది. హైవే నంబర్ 1 మీదుగా వెళ్తే లారీల మధ్యన పోవాలి.

వెళ్ళేటప్పుడు గ్రాబ్ యాప్‌లో కూడా కారు దొరుకుతుంది. తిరిగి వచ్చేటప్పుడు పల్లెలో గ్రాబ్ దొరుకుతుందని నమ్ముకోవద్దు. మర్నాడు ఫలానా వేళకు రమ్మని అదే డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి, లేదా రాత్రి బస చేసిన ఇంటివాళ్ళని టాక్సీ పిలవమనండి.

రైలు ఇష్టమైతే డా నాంగ్‌లో ఎక్కి తామ్ కీలో దిగవచ్చు, గంటన్నర అటూ ఇటూ పడుతుంది. హనోయి నుంచి సైగాన్ (హో చి మిన్ సిటీ) దాకా పోయే పెద్ద లైను అది. హోయి అన్‌కి రైల్వే స్టేషన్ లేదు. తామ్ కీ స్టేషన్ నుంచి పల్లెకి టాక్సీలో ఇరవై నిమిషాలు.

స్కూటర్ అద్దెకు తీసుకుందామనుకుంటారు చాలామంది. అద్దెకిచ్చేవాళ్ళు లైసెన్సు అడగరు కూడా. కానీ మన దగ్గర ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది, వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం పర్మిట్. అంటే మన పర్మిట్‌తో స్కూటర్ నడపడం అక్కడ చట్టం ఒప్పుకోదు. పోలీసు జరిమానా కన్నా పెద్ద బాధ ఇన్సూరెన్సుతో వస్తుంది. యాక్సిడెంట్ అయితే కంపెనీ పైసా కూడా ఇవ్వదు. సైకిల్ తీసుకోండి. పల్లెలో తిరగడానికి అది చాలు, చాలా హోమ్‌స్టేలలో ఉంటుంది కూడా.

4. ఒక రాత్రి అక్కడే ఉండండి

దీని మీద నేను గట్టిగా పట్టుబడతాను. రోజు మొత్తం ఇచ్చి రాత్రికి వెళ్ళిపోవడం కన్నా, సాయంత్రం వచ్చి తెల్లారి వెళ్ళడం మేలు. మొత్తం గంటలు తక్కువే అయినా చూసేది ఎక్కువ. హోయి అన్‌లో మధ్యాహ్నం భోజనం చేసి రెండింటికి బయల్దేరండి. సామాను హోమ్‌స్టేలో పెట్టి నాలుగింటికి వీధిలోకి వస్తే సరిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పగటిపూట వచ్చిపోయే కార్లవాళ్ళ వల్ల ఊరికి దొరికేది కొబ్బరిబోండాం డబ్బులే. రాత్రి ఉంటే గది అద్దె, భోజనం, టిఫిన్ ఖర్చు ఆ ఊళ్ళోనే ఉంటుంది.

పల్లెలోకి టికెట్ ఏమీ లేదు. చిన్న నోట్లు దగ్గర ఉంచుకోండి. మన రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు వస్తాయి కాబట్టి సున్నాలు ఎక్కువ, లెక్క తికమకగా ఉంటుంది. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలం రంగువే. వాటిని పర్సులో ఒక అరలో పెట్టొద్దు. సాయంత్రం మసక వెలుతురులో ఒకదాని బదులు ఇంకొకటి చేతిలో పెట్టేస్తాం.

5. సాయంత్రం: గోడలు, పుట్టిలు

పుట్టిల వరస దగ్గర మొదలుపెట్టండి. వీటిని అక్కడ థుంగ్ చాయ్ అంటారు. మన కృష్ణలో, తుంగభద్రలో తిరిగే పుట్టి చూసినవాళ్ళకి ఆకారం కొత్త కాదు. ఇక్కడ విశేషం ఏంటంటే ఇది సముద్రం మీదికి పోతుంది. దగ్గరికి వెళ్ళి రంగు వెనకాల ఏముందో చూడండి. వెదురు బద్దలు రెండంగుళాల వెడల్పు కూడా ఉండవు, ఒకదాని కిందనుంచి ఒకటి గట్టిగా అల్లి ఉంటాయి. అంచు చుట్టూ లావుపాటి వెదురు వంచి కడతారు. అల్లిక సందుల్లో ముందు ఆవుపేడ మెత్తి ఆరనిస్తారు, దాని మీద జాయ్ చెట్టు నుంచి తీసిన జిగురు నూనె పూస్తారు. అదే నీళ్ళు రాకుండా ఆపేది. ఈమధ్య ఫైబర్ పుట్టిలు కూడా వచ్చాయి, అవి నున్నగా ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. ఒంటి తెడ్డుతోనే నడుపుతారు, ముందువైపు నిలబడి తెడ్డుని ఎనిమిది అంకె తిప్పినట్టు అటూ ఇటూ ఆడిస్తారు. పెద్ద పడవ ఒడ్డు దాకా రాలేదు కాబట్టి, దాన్నుంచి చేపల్ని ఒడ్డుకి చేర్చేది ఈ పుట్టే.

ఒడ్డున పెద్ద పడవలు కనిపిస్తే వాటి ముక్కు వైపు చూడండి, రెండు కళ్ళు గీసి ఉంటాయి. మధ్య వియత్నాం జాలర్ల పాత ఆచారం అది, పడవకి దారి కనపడాలని. అంటే కొరియావాళ్ళు కుంచెలు తేకముందే ఈ తీరంలో బొమ్మ గీసే అలవాటు ఉంది.

తర్వాత వీధిలోకి నడవండి. పెద్ద రోడ్డు ఒక్కటే చూసి ఆగిపోకండి, అడ్డ సందుల్లోకి వెళ్ళండి. ఒక గోడ మీద రంగు ఇంకా మెరుస్తుంటుంది, పక్క గోడ మీద సగం చేప మాత్రమే మిగిలి ఉంటుంది. ఉప్పుగాలి సున్నాన్ని పెచ్చులు పెచ్చులుగా లేపేస్తుంది. కొన్ని బొమ్మలకి మళ్ళీ రంగులు వేశారు, కొన్ని అలాగే పోయాయి. 2016 నాటి ఫోటోలు ఇంటర్నెట్‌లో చూసి, అచ్చం అవే కావాలని వెళ్తే నిరాశ తప్పదు. వెలిసిన గోడ కింద ఆరబెట్టిన వలలు, ఎండు చేపల తట్టలు, ఆ గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్న పెద్దాయన, ఇవన్నీ కలిపి చూస్తేనే ఆ గోడకి అర్థం.

పొద్దుగూకే వేళకి ఊరికి అవతలి పక్కకి, త్రువోంగ్ జాంగ్ నది ఒడ్డుకి వెళ్ళండి. సూర్యుడు అస్తమించేది నది వైపు. జూన్‌లో ఆరున్నరకు కాస్త ముందు, డిసెంబరులో ఐదున్నర లోపే.

6. గుమ్మాల దగ్గర ఎలా ఉండాలి

ఇది ముఖ్యమైన సంగతి, కాస్త ఓపికగా చదవండి. సియోల్‌లో ఇహ్వా అనే పాత కొండవాడ ఉంది. 2006 నుంచి అక్కడ గోడల మీద, మెట్ల మీద బొమ్మలు వేశారు. జనం పోటెత్తారు. అల్లరి, చెత్త, పొద్దూమాపూ కిటికీల దగ్గర కెమెరాలు. విసిగిపోయిన ఊరివాళ్ళు కొందరు 2016 ఏప్రిల్‌లో బాగా పేరున్న పువ్వుల మెట్లు, చేప మెట్లు మీద బూడిద రంగు పూసేశారు. తామ్ థాన్‌లో బొమ్మలు వేసింది అది జరిగిన రెండు నెలలకే. బొమ్మల ఊరు ఎలా పాడవుతుందో అంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలీదు.

గోడ చూసే హక్కు మనకి ఉంది, గుమ్మం దాటే హక్కు లేదు. మనుషుల్ని ఫోటో తీసేముందు కెమెరా చూపించి, తల ఊపితేనే తియ్యండి. "సిన్ చావో" అని పలకరించి నవ్వితే చాలామంది వద్దనరు. పిల్లల చేతికి డబ్బులు, చాక్లెట్లు ఇవ్వకండి. ఏదన్నా చెయ్యాలనిపిస్తే ఆ ఇంటి ముందున్న కొట్లో నీళ్ళ సీసానో, ఎండు చేపలో కొనండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా సందుల్లో గొంతు తగ్గించండి. గోడ మీద పేర్లు చెక్కకండి. డ్రోన్ ఎగరెయ్యడానికి వియత్నాంలో రక్షణ శాఖ అనుమతి కావాలి, అది లేకుండా ఇంటి నుంచి మోసుకెళ్ళకండి.

7. తెల్లవారుజాము

అలారం నాలుగున్నరకు పెట్టుకోండి. అక్కడి టైము మనకన్నా గంటన్నర ముందు, కాబట్టి ఇండియా నుంచి వచ్చిన కొత్తలో మీ ఒంటికి అది రాత్రి మూడే. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికే పడుకోవాలి.

ఓపిక ఉంటే ముందు రోజే కారు మాట్లాడుకుని తామ్ తియెన్ చేపల రేవుకి వెళ్ళండి. తీరం వెంబడే దక్షిణంగా, అరగంట లోపే. ఇక్కడ షెడ్డు లేదు, అరుగులు లేవు, మార్కెట్టంతా ఇసుక మీదే. చీకట్లో సముద్రం వైపు నుంచి దీపాలు వస్తుంటాయి. పడవలు లోతులో ఆగుతాయి, పుట్టిలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి బుట్టలు అందుకునేది, బేరం చేసేది, మోసేది ఎక్కువగా ఆడవాళ్ళే. శంకు టోపీలు, తలకి కట్టిన టార్చిలైట్లు, కావడికి రెండు వైపులా చేపల బుట్టలు. వాళ్ళ దారికి అడ్డం నిలబడకండి. వాళ్ళకి అది రోజు కూలి, ఒక్క నిమిషం ఆలస్యమైతే ధర పడిపోతుంది. ఒక పక్కగా, ఇసుక కొంచెం ఎత్తుగా ఉన్న చోట నిలబడితే అంతా కనిపిస్తుంది. చెప్పులు తడుస్తాయి, బూట్లు వేసుకోవద్దు. ఏడింటికల్లా మొత్తం అయిపోతుంది, మీరు ఎనిమిదింటికి వెళ్తే ఇసుక మీద మంచు ముక్కలు తప్ప ఏమీ ఉండవు.

అంత దూరం వద్దనుకుంటే తామ్ థాన్ ఒడ్డునే కూర్చోండి. వేసవిలో ఐదుంపావుకి, జనవరిలో ఆరుంపావుకి సూర్యోదయం. వెలుతురు వచ్చాక ఇంకోసారి బొమ్మల వీధి తిరగండి. సాయంత్రం నీడలో ఉన్న గోడల మీద ఇప్పుడు ఎండ పడుతుంది. ఫోటోలకి ఇదే వేళ.

8. తిండి

టిఫిన్‌కి "మీ క్వాంగ్" అనే నూడుల్స్ తినండి, ఈ ప్రాంతపు సొంత వంట. వెడల్పాటి బియ్యపు నూడుల్స్, కొద్దిగా చిక్కటి పులుసు, పైన రొయ్యలో చికెనో, వేరుశనగ పప్పులు, ఆకుకూరలు. పక్కన పెద్ద బియ్యపు అప్పడం ఇస్తారు, దాన్ని విరిచి గిన్నెలో వేసుకుని తినాలి. తామ్ కీలో దిగితే కోమ్ గా, అంటే పసుపు రంగు అన్నం, నాటుకోడి. మనవాళ్ళ నోటికి వెంటనే పట్టేది అదే.

శాకాహారులకు జాలరి పల్లెలో కష్టమే. ఆకుకూర వేపుడులో కూడా చేప పులుసు (మన కూర కాదు, నువాక్ మామ్ అనే సాస్) చల్లుతారు. చేపల్ని ఉప్పుతో జాడీల్లో ఏడాది పాటు ఊరబెట్టి తీసే ఆ పులుసు ఈ తీరానికి ప్రాణం, అది లేని వంట వాళ్ళకి వంటే కాదు. "ఆన్ చై" అంటే శాకాహారం తింటానని. అది చెప్పి, చేప పులుసు వద్దని ఫోనులో ట్రాన్స్‌లేట్ యాప్ పెట్టి రాసి చూపించండి. హోమ్‌స్టే వాళ్ళకి ముందు రోజే చెప్తే టోఫు, అన్నం, వెల్లుల్లి వేసిన తూటికూర చేసిపెడతారు. అక్కడ బౌద్ధులు చాలామంది నెలలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మాంసం ముట్టరు, ఆ రోజుల్లో శాకాహారం తేలిగ్గా దొరుకుతుంది. తెలుగు క్యాలెండర్ చూసుకుని అమావాస్యకి వెళ్తే వేట దీపాలూ కనిపిస్తాయి, తిండీ దొరుకుతుంది. ఏదేమైనా కందిపొడి, చిన్న ఊరగాయ సీసా బ్యాగులో పడెయ్యండి.

9. తిరుగు దారిలో

తొమ్మిదింటికి బయల్దేరితే ఎండ ముదరకముందే రెండు చోట్లు చూడొచ్చు.

తామ్ కీ వైపు వెళ్ళే దారిలోనే వీర మాత స్మారకం ఉంది, 2015లో పూర్తయింది. కొండని తొలిచినట్టుండే రాతి ముఖం న్గుయెన్ థి థు అనే తల్లిది. ఫ్రాన్సుతో, అమెరికాతో జరిగిన యుద్ధాల్లో ఆమె తొమ్మిది మంది కొడుకులు, ఒక అల్లుడు, ఇద్దరు మనవలు చనిపోయారు. లోపల గోడల మీద అలా పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల పేర్లు చెక్కారు. అక్కడ గంట సేపు పడుతుంది, తొందరపడకండి.

రెండోది హైవే పక్కనే, తామ్ కీకి ఉత్తరాన ఉన్న చియెన్ దాన్. 11, 12 శతాబ్దాల నాటి చాం గుళ్ళు, వరసగా మూడు ఇటుక గోపురాలు. చాం జనం తమ చంపా రాజ్యంలో శివుడికి గుళ్ళు కట్టారు, శాసనాలు సంస్కృతంలో వేశారు. హోయి అన్ దగ్గరి "మీ సోన్" గుళ్ళు కూడా వాళ్ళవే, కానీ అక్కడ గుంపులు గుంపులుగా జనం ఉంటారు. చియెన్ దాన్‌లో తరచూ మీరు, కాపలా మనిషి తప్ప ఎవరూ ఉండరు. పీఠం చుట్టూ చెక్కిన నర్తకుల్ని, ఏనుగుల్ని వంగి చూడండి. ఆసక్తి ఇంకా ఉంటే తామ్ కీకి దక్షిణాన ఖువాంగ్ మి గోపురాలు ఉన్నాయి, అక్కడ తవ్వకాల్లో రామాయణ ఘట్టాలు చెక్కిన రాళ్ళు దొరికాయి. అది హోయి అన్‌కి వ్యతిరేక దిశ కాబట్టి, రైలు సాయంత్రం ఉంటేనే పెట్టుకోండి.

డా నాంగ్ విమానం అదే రోజు ఉంటే తామ్ కీ నుంచి రెండు గంటలు రోడ్డు మీద వేసుకోండి, విమానాశ్రయంలో ఇంకో రెండు గంటలు. నువాక్ మామ్ సీసాలు కొన్నట్టయితే చేతి బ్యాగులో పెట్టనివ్వరు. చెక్-ఇన్ సామానులో కూడా చేప పులుసుకి కొన్ని విమాన సంస్థలు ఒప్పుకోవు, టికెట్ నిబంధనలు చూసుకున్నాకే కొనండి.